పెళ్లి ఫొటోలు తీసే కెమెరాతో వీడియో: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మాఘమాసంలో ఒప్పుకున్న పెళ్లికి ఫొటోలతోపాటు ముఖ్యమైన ఘట్టాల వీడియో కూడా నిన్నే తీయమన్నారని, నీ సోనీ ఏ7 త్రీ కెమెరాలో వీడియో మెనూ తెరవగానే కాలూ చేయీ ఆడలేదని రాశావు. ఆ మెనూలో నీకు నిజంగా కావలసినవి ఏడెనిమిదికి మించవు. వాటిని ఇంట్లో కూర్చొని నిర్ణయించుకొని, మండపంలో అడుగుపెట్టాక వీలైనంతవరకు ముట్టుకోకుండా ఉండు. ఫొటోలు తీసేవారికి కష్టమయ్యేది అదే. మనం క్లిక్కు క్లిక్కుకూ ఎక్స్‌పోజర్ మారుస్తాం, రా ఫైలు (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైలు) ఉందన్న ధీమాతో రంగును తరువాతికి వదిలేస్తాం. నీ కెమెరా తీసే వీడియోలో ఆ వెసులుబాటు లేదు. రంగూ వెలుగూ అక్కడికక్కడే ఖాయమైపోతాయి, షాట్ మధ్యలో ఏది మారినా చూసేవారి కంటికి పెళ్లికూతురి కంటే ముందు ఆ మార్పే కనబడుతుంది.

మొట్టమొదట ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి), పాల్ (మన దేశపు పద్ధతి) అనే ఎంపికను చూడు. నీ కెమెరా బాడీ అమెరికా నుంచి మీ బావ తెచ్చినది కాబట్టి అది ఎన్‌టీఎస్‌సీలో ఉంటుంది, అందులో ఫ్రేమ్ రేట్లు (సెకనుకు తీసే ఫ్రేములు) 24, 30, 60గా కనిపిస్తాయి. పాల్‌కు మారిస్తే 25, 50 వస్తాయి, మనకు కావలసింది అదే. మార్చిన తరువాత పాత కార్డు పెడితే దాన్ని మళ్లీ ఫార్మాట్ చేయమని కెమెరా అడుగుతుంది. అందువల్ల ఈ పని ఖాళీ కార్డుతో ఇంట్లోనే ముగించాలి తప్ప, పెళ్లికొడుకును చేసిన ఫొటోలన్నీ కార్డులో ఉండగా మొదలుపెట్టకూడదు.

25 ఫ్రేములు పెట్టుకున్నాక షట్టర్ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) వద్ద ఉంచు. ఫ్రేమ్ రేటుకు రెట్టింపు షట్టర్ ఉంటే కదలిక కంటికి సహజంగా కనిపిస్తుందన్నది ఒక కారణం. మన దేశానికి సంబంధించిన రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. మన కరెంటు 50 హెర్ట్జ్, కనుక ట్యూబులైట్లూ చవకరకం ఎల్‌ఈడీలూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/50లో ఆ మినుకులు సరిగ్గా రెండు, 1/100లో ఒకటి ఇమిడిపోతాయి కాబట్టి ప్రతి ఫ్రేముకూ సమానమైన వెలుగు అందుతుంది. 1/60 పెడితే ఆ లెక్క తప్పి తెరమీద నీడల పట్టీలు పాకుతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెళ్లి తీయవలసి వస్తే అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 1/60 సరైనదవుతుంది. వేదిక వెనుక పెట్టే ఎల్‌ఈడీ తెరలు మాత్రం ఈ లెక్కకు లొంగవు. అవి ఫ్రేములో పడకుండా నిలబడే చోటు మార్చుకోవడమే మేలు.

ఫైలు విషయంలో ఎక్స్‌ఏవీసీ ఎస్ 4కే అనే రకం, 25పీ (25 ఫ్రేములు), 100ఎం (సెకనుకు 100 మెగాబిట్లు) ఎంచుకో. చివరికి ఫుల్ హెచ్‌డీలోనే ఇస్తావు కదా, 4కే ఎందుకని అడగవచ్చు. నీ కెమెరాలో 4కే నుంచి కుదించిన ఫుల్ హెచ్‌డీ, నేరుగా తీసిన ఫుల్ హెచ్‌డీ కంటే స్పష్టంగా ఉంటుంది. అంతేగాక అడ్డంగా తీసిన 4కే ఫ్రేము నుంచి నిలువు ముక్క కోస్తే 1215 గుణించు 2160 పిక్సెళ్లు వస్తాయి, ఫోన్ రీలుకు కావలసిన 1080 గుణించు 1920కి అది చాలు. ఇంటివారు రీళ్లు అడుగుతారు, తప్పదు; అందుకోసం కెమెరాను నిలువుగా తిప్పవద్దు. 100ఎం అంటే గంటకు 45 జీబీ. 64 జీబీ కార్డు గంటా ఇరవై నిమిషాలకు అటూఇటూగా నిండుతుంది, 128 జీబీది రెండున్నర గంటలకు పైగా వస్తుంది. కార్డు మీద దాని వేగాన్ని తెలిపే యూ3 గుర్తు ఉండాలి. 60ఎం పెడితే చోటు మిగులుతుంది కానీ, అక్షింతలు జల్లుగా పడే వేళ గింజలు చెదిరిపోయి మసకగా కనిపిస్తాయి.

ఎక్స్‌పోజర్ మోడ్ మాన్యువల్‌లో ఉండాలి. వధూవరులిద్దరూ స్పష్టంగా రావాలంటే అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 4 చాలు. ఫొటోలకు వాడే ఎఫ్ 1.8 మోజు ఇక్కడ వద్దు, వరుడు కాస్త ముందుకు వంగితే చాలు ముఖం మసకబారుతుంది. కల్యాణ మండపాల వెలుగులో ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 1600 నుంచి 3200 మధ్య కుదురుతుంది. ఆటో ఐఎస్‌ఓ పెట్టవద్దు, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఎవరైనా ముందునుంచి నడిచి వెళితే పీటల మీది జంట ఒక్క క్షణం చీకట్లోకి పోయి తిరిగి వస్తారు. జీబ్రాను (వెలుగు మితిమీరిన చోట తెరమీద గీతలు చూపే సదుపాయం) 100+ వద్ద పెట్టుకొని, మధుపర్కాల మీద గీతలు కనిపించనంతవరకు ఐఎస్‌ఓ తగ్గించు. ఆ తెల్లని నేత ఒకసారి వెలుగు మితిమీరి కాలిపోయిందంటే దాని ఎర్రంచు తప్ప మరేమీ మిగలదు, ఎడిటింగ్‌లో తిరిగి రాబట్టలేవు.

అదే మధుపర్కం వైట్ బ్యాలెన్స్‌కు (తెలుపును తెలుపుగా చూపే సర్దుబాటుకు) కూడా పరీక్ష. ఆటోలో వదిలేస్తే, బంతిపూల అలంకరణ నుంచి తెల్ల చీర మీదికి కెమెరా తిప్పేసరికి పెళ్లికూతురి మేనిఛాయ కంటికి తెలిసేలా మారిపోతుంది. వేదిక మీది లైట్లన్నీ వెలిగించాక, పీటల దగ్గర ఒక తెల్ల కాగితం పట్టించి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకో. అది కుదరకపోతే కెల్విన్‌లో (వెలుగు రంగు కొలతలో) 4000 దగ్గర మొదలుపెట్టి, కాస్త వెచ్చదనం మిగిలేలా సర్దుకో. లైట్లవాళ్లు మధ్యలో రంగులు మార్చకుండా ముందే చెప్పి ఉంచు.

రంగులు తరువాత దిద్దుకునేందుకు వీలుగా పాలిపోయినట్టు రికార్డు చేసే ఎస్‌లాగ్‌ను వాడమని నీ స్నేహితులు చెప్పినది ఈ పెళ్లికి పక్కన పెట్టు. నీ కెమెరాలో అది ఐఎస్‌ఓ 800 కంటే కిందికి దిగదు, రికార్డయ్యేది రంగు ఛాయలు తక్కువుండే 8 బిట్ ఫైలు. గ్రేడింగ్‌లో (రంగులు దిద్దడంలో) సాగదీస్తే గోడల మీదా ఆకాశంలోనూ రంగు మెట్లుమెట్లుగా విరుగుతుంది. పిక్చర్ ప్రొఫైల్ ఆఫ్ చేసి, క్రియేటివ్ స్టైల్‌లో న్యూట్రల్ పెట్టి, షార్ప్‌నెస్ ఒకటి రెండు మెట్లు తగ్గిస్తే సరిపోతుంది.

ఫోకస్‌కు కంటిన్యువస్ ఏఎఫ్ (ఎడతెగని ఆటోఫోకస్), ఫేస్ డిటెక్షన్ ఆన్. మెనూలో ఏఎఫ్ డ్రైవ్ స్పీడ్ అని వీడియోకు వేరుగా ఉంటుంది. మామూలుగా దాన్ని స్లోలో ఉంచితే ఒకరి నుంచి మరొకరికి ఫోకస్ మెత్తగా మారుతుంది. జీలకర్ర బెల్లం వేళ మాత్రం జాగ్రత్త. అడ్డుతెర ఉన్నంతసేపూ కెమెరా ఆ తెర నేతనే పట్టుకొని కూర్చుంటుంది, తెర తొలగిన క్షణంలో ముఖం కోసం వెతుక్కుంటుంది. అందుకే తెర పట్టకముందే పెళ్లికూతురి ముఖం మీద ఫోకస్ నిలిపి, మాన్యువల్‌కు మార్చి, ఆ ఘట్టం పూర్తయ్యేదాకా కదలకుండా ఉండు.

శబ్దం మీద ఫొటోగ్రాఫర్లకు శ్రద్ధ తక్కువ, నాకు మాత్రం బొమ్మ కంటే అదే ముఖ్యం. కెమెరా మీదికి ఒక చిన్న మైకు కొనుక్కో. లెవెల్‌ను మంత్రాల గొంతుకు సరిపెట్టుకుంటే తాళి కట్టే వేళ గట్టిమేళం మొదలుకాగానే డోలు, సన్నాయి కలిసి బరబరమంటూ పగిలిపోతాయి. మేళంవారు వచ్చి శ్రుతి చూసుకుంటున్నప్పుడే, ఒక్క నిమిషం గట్టిగా వాయించమని మర్యాదగా అడుగు. ఆ మోతకు కూడా మీటరు చివరను తాకనంతగా లెవెల్ తగ్గించి అక్కడే వదిలేయి. మంత్రాలు నెమ్మదిగా వినిపిస్తే ఎడిటింగ్‌లో పెంచుకోవచ్చు, పగిలిన మేళాన్ని అతికించలేం. కెమెరాలోని మైకే దిక్కయితే విండ్ నాయిస్ రిడక్షన్ ఆపేయి, మండపం లోపల గాలి హోరు ఉండదు, అది డోలు గంభీరతను తినేస్తుంది. రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ హెడ్‌ఫోన్ చెవికి ఉండాలి.

ఆరుబయట మంగళస్నానాలు తీయవలసి వస్తే 1/50 షట్టర్‌కు ఎండ ఎక్కువవుతుంది. ఐఎస్‌ఓ 100లో నడి ఎండకు ఎఫ్ 16, 1/100 అన్నది నీకు తెలిసిన లెక్కే. దాన్ని 1/50కి, ఎఫ్ 4కి తెస్తే అయిదు స్టాపుల (ఒక్కో స్టాపుకు రెట్టింపు చొప్పున) వెలుగు అదనం. ఆ అదనాన్ని మింగేది లెన్సు ముందు పెట్టే ఎన్‌డీ 32 ఫిల్టర్. షట్టర్ 1/1600కి పెంచి సరిపెట్టుకుంటే నీళ్ల చుక్కలు గాలిలో తెగితెగి ఎగురుతున్నట్టు కనిపిస్తాయి. తిప్పే రకం ఎన్‌డీ కొంటే చివరి అంచు దాకా తిప్పకు, ఫ్రేములో నల్లని ఇంటూ గుర్తు పడుతుంది.

స్లో మోషన్ తలంబ్రాలకు ఒక్కదానికే. దానికి ఫుల్ హెచ్‌డీ 50పీ, షట్టర్ 1/100, ఐఎస్‌ఓ రెట్టింపు. ఎడిటింగ్‌లో 25కు దించితే సగం వేగం వస్తుంది. ఆ సమయంలో పక్కన ఎవరి ఫ్లాష్ వెలిగినా సగం ఫ్రేము తెల్లగా, సగం మామూలుగా వస్తుంది. సెన్సర్ ఒక్కో వరుసగా చదువుతుంది కనుక ఏ సెట్టింగూ దాన్ని ఆపదు. నీ అసిస్టెంటు చేతిలోని ఫ్లాష్‌ను అయినా ఆపించు.

ఈ రెండు అమరికలనూ మోడ్ డయల్ మీది 1, 2 స్థానాల్లో భద్రపరచుకో: మొదటిది పెళ్లి మొత్తానికి, రెండోది తలంబ్రాలకు. ఫొటోల మోడ్ నుంచి వేలితో ఒక్కసారి తిప్పితే వీడియోలోకి వచ్చేస్తావు. మీ కెమెరాలో ఒక్క రికార్డింగు 29 నిమిషాల దగ్గర తనంతట తానే ఆగిపోతుంది, అందుచేత ముహూర్తానికి అయిదు నిమిషాల ముందు పాత రికార్డింగు ఆపి కొత్తది మొదలుపెట్టి, ఎర్ర చుక్క వెలిగిందో లేదో చూసుకో.

ఇట్లు,
మీ మామయ్య