పాత కామిక్స్ లోపల పెన్ను గీతలుంటే గ్రేడ్ ఎంత తగ్గుతుంది? బరంపురం నుంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇదీ: పర్లాకిమిడి ఇంట్లో ట్రంకుపెట్టెలో నాన్నగారి చిన్నప్పటి ఇంద్రజాల్ కామిక్స్ పాతిక దాకా దొరికాయి. అట్టలు బాగానే ఉన్నాయి. లోపల మొదటి పేజీలో నీలం సిరాతో ఆయన పేరు, తరగతి రాసి ఉన్నాయి. కొన్నిట్లో పెన్సిల్ కూడికలు ఉన్నాయి. ఒకదాన్లో చివరి పేజీ మూల ఎవరో కత్తిరించుకున్నారు. వీటివల్ల గ్రేడ్ (పుస్తకం ఎంత బాగుందో చెప్పే నంబరు) ఎంత పోతుంది, అమ్మే ముందు చెరిపేయొచ్చా అన్నది మీ సందేహం.

ముందు ఆ రబ్బరు పక్కన పెట్టేయండి. మిగతాది తీరిగ్గా చెబుతాను.

నేనుండేది బరంపురం. ఇరవై ఏళ్ళుగా పాత కామిక్స్ పోగేస్తున్నాను. సగానికి పైగా గిరి రోడ్డు చుట్టుపక్కల కబాడీ (పాత సామాన్ల) దుకాణాల్లో తూకానికి కొన్నవే. ఒకతను ఇప్పటికీ ఫోన్ చేసి "భాయినా, ఆపొణొంకొ బొహి ఆసిచి" (అన్నా, మీ పుస్తకాలొచ్చాయి) అంటాడు. వెళ్ళి చూస్తే సంచిలో పదికి తొమ్మిది గైడు పుస్తకాలే ఉంటాయి, అది వేరే సంగతి. చెప్పొచ్చేదేంటంటే, మన వైపు దొరికే కామిక్స్‌లో రాత లేని కాపీ అరుదు. ఇప్పుడు నా ముందున్న ఫాంటమ్ పుస్తకమే చూడండి. మొదటి పేజీ పైన తెలుగులో ఒక పిల్లవాడి పేరు, 'ఏడో తరగతి, బి సెక్షన్' అని ఉంది. దాన్ని కొట్టేసి కింద ఒడియాలో ఇంకో పేరు. ఆ రెంటి మీదా అడ్డంగా అద్దె లైబ్రరీ వాళ్ళ ఊదారంగు రబ్బరు స్టాంపు. ముగ్గురు యజమానులూ ఒకే పేజీలో కూర్చున్నారు.

గ్రేడింగ్ చేసేవాళ్ళు దీన్ని ఎలా చూస్తారో చెబుతాను. కొలత 0.5 నుంచి 10 దాకా ఉంటుంది. అమెరికాలో ఓవర్‌స్ట్రీట్ ధరల గైడ్ 1970 నుంచి వస్తోంది, సీజీసీ అనే గ్రేడింగ్ కంపెనీ 2000లో మొదలైంది. మనం వాడే మాటలన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడతారు. మనం 'గుడ్ కండిషన్' అంటే బాగుందని. ఆ కొలతలో గుడ్ అంటే 2.0, అంటే బాగా నలిగి, వాడి వాడి వదిలేసిన పుస్తకం. బాగున్నదాన్ని వెరీ ఫైన్ అనాలి, అది 8.0.

గ్రేడర్ అట్ట ఒక్కటే చూసి నంబరు వేయడు. ప్రతి పేజీ తిప్పుతాడు, పేజీలు లెక్కపెడతాడు, కాగితం తెల్లగా ఉందా, గోధుమ రంగుకి తిరిగిందా, పెళుసుబారిందా చూస్తాడు. ఆ తర్వాత పుస్తకాన్ని ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసేస్తారు. ఇక కొన్నవాడు లోపల చూడాలంటే పెట్టె పగలగొట్టాల్సిందే. అందుకే లోపలి రాతల్ని వాళ్ళు తేలిగ్గా తీసుకోరు. 'ఎలాగూ మూసేస్తారు, లోపలిది ఎవరు చూస్తారు' అని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. అది తప్పు.

అలాగని అన్ని గీతలకీ ఒకే శిక్ష పడదు. పత్రికలమ్మే దుకాణదారు అట్ట మూల చిన్నగా వేసిన తేదీ ఉంటే ఓవర్‌స్ట్రీట్ లెక్క ప్రకారం 9.4 పుస్తకంలో కూడా చెల్లుతుంది, కనీకనిపించకుండా ఉండాలంతే. లోపల మార్జిన్లో చిన్న పేరుంటే కొంత తగ్గుతుంది. అదే పేరు బొమ్మ మీద పడితే ఇంకా తగ్గుతుంది. స్కెచ్ పెన్నుతో రంగులేస్తే, సిరా అవతలి పేజీలోకి దిగితే మరీ కిందికి పోతుంది. అన్నిటికంటే మోసం చేసేది బాల్‌పెన్. ట్యూబులైటు కింద చూస్తే గీత ఒక్కటే కనిపిస్తుంది. గదిలో లైటు ఆపి, మొబైల్ టార్చిని పేజీకి పక్కనుంచి వాలుగా పట్టండి. నొక్కి రాసిన కూడిక కింది పేజీల మీద కూడా అచ్చులాగా గుంటలు పడి కనిపిస్తుంది. మీ నాన్నగారి సిరా పెన్నుది ఆ బాధ లేదు, పాళీ కాగితాన్ని అంతగా గుంట చేయదు. కాకపోతే మొదటి పేజీ వెనకవైపు సిరా మరక దిగిందేమో చూడండి.

పజిళ్ళు నింపేయడం ఇంకో రకం. 1980లో మొదలైన టింకిల్ కొన్నవాళ్ళకి ఇది బాగా తెలుసు. చుక్కలు కలపమంటే కలపకుండా ఉండే పిల్లలెవరు? మా ఇంట్లో ఒక్క కాపీ కూడా మిగల్లేదు, అన్నీ నేనే కలిపేశాను. గ్రేడర్‌కి మాత్రం అదీ రాతే.

ఇక చెరపడం. ఎనిమిదేళ్ళ కిందట ఒక కాపీలో పెన్సిల్‌తో వేసిన గుణకారం ఉంటే స్కూలు రబ్బరు తీసుకుని మెల్లగానే రుద్దాను. ఆ కాగితం న్యూస్‌ప్రింట్, పైన నునుపు పూత ఉండదు. పెన్సిల్‌తో పాటు ఆకాశంలో పసుపు కూడా లేచిపోయింది. కాగితం మీద నూగు రేగింది. దూరం నుంచి కనిపించని గుణకారం పోయి, గది ఆ చివరి నుంచి కనిపించే తెల్ల మచ్చ మిగిలింది. పోయిన రంగుని కలర్ పెన్సిల్‌తో నింపుదామని మా బావ అన్నాడు. నింపి ఉంటే ఇంకో తప్పు చేసేవాణ్ణి. రంగు పూయడం, మందులతో సిరా పోగొట్టడం లాంటివన్నీ రిపేరు కింద లెక్క. సీజీసీ దానికి ఊదారంగు లేబుల్ వేస్తుంది, ఆ లేబుల్ చూస్తే కొనేవాళ్ళు వెనక్కి తగ్గుతారు. నంబరు పెద్దదే ఉన్నా ధర రాదు.

దాచిపెడితే ఏమవుతుందో కూడా నాకు అనుభవమే. రాయగడలో ఒకాయనకి ఒక ఫాంటమ్ కాపీ అమ్మాను. 'లోపల నీట్‌గా ఉంది' అని రాశాను, నిజానికి మొదటి నాలుగు పేజీలే తిప్పి చూశాను. పార్సిల్ చేరిన రాత్రి ఆయన ఫోటో పంపాడు. లోపలెక్కడో కథానాయిక డయానా పామర్‌కి మీసాలు, కళ్ళజోడు, నోట్లో బీడీ. పక్కనే ఒడియాలో ఎవరో టీచరు పేరు. నవ్వాపుకోలేకపోయాను, డబ్బులు మాత్రం రెండువైపులా కొరియరు ఖర్చుతో సహా వెనక్కి ఇచ్చాను. అప్పటినుంచి అమ్మేముందు ప్రతి పేజీ తిప్పి, గీతలున్న పేజీలకి ఫోటో తీసి ముందే పెడుతున్నాను. చిత్రంగా, కొందరు ఆ పేర్లున్న కాపీలే అడిగి కొంటున్నారు.

ఇప్పుడు మీరు చివర్లో ఒక్క మాటలో అనేసిన సంగతికి వస్తాను. మీ బెంగంతా నాన్నగారి పేరు మీద ఉంది కానీ అసలు దెబ్బ ఆ కత్తిరించిన మూల దగ్గరుంది. రాత పుస్తకం మీద చేరిన వస్తువు. కత్తిరింపులో పుస్తకమే కొంత పోయింది. ఈ తేడా ఎంత పెద్దదో అమెరికా వాళ్ళ ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. 1974లో మార్వెల్ కంపెనీ తన కామిక్స్ లోపలి పేజీల్లో చిన్న స్టాంపు బొమ్మలు అచ్చువేసి, కత్తిరించి ఆల్బంలో అంటించుకోమంది. పిల్లలు కత్తిరించారు. వుల్వరిన్ అనే హీరో మొదటిసారి పూర్తిగా కథలోకి వచ్చిన హల్క్ కామిక్ 181వ సంచిక ఆ ఏడాదిదే. అట్ట అద్దంలా ఉన్నా, ఆ స్టాంపు లేని కాపీకి మామూలు నీలం లేబుల్ మీద మంచి నంబరు రాదు. ఆకుపచ్చ లేబుల్ వేసి, స్టాంపు లేదని దాని మీదే రాస్తారు. స్టాంపున్న కాపీకీ, లేని కాపీకీ ధరలో పోలికే ఉండదు. అందుకే హల్క్ 181 కొనేవాడు మొదట అడిగే ప్రశ్న 'స్టాంపుందా?' అనే.

మీ పాతికలో మిగతావాటి గురించి నా అంచనా: అట్ట 7.0 స్థాయిలో ఉంటే, మార్జిన్లో పేరున్న కాపీ 6.0 దగ్గర ఆగొచ్చు. కూడికలు బొమ్మ మీద ఉంటే 5.0 అనుకోండి. ఇది నా కళ్ళ లెక్కే, ఎవరి సర్టిఫికెట్టూ కాదు. వాటిని అమెరికా పంపించి గ్రేడు వేయించడం కూడా నేనైతే చేయను, ఆ ఖర్చు మన మార్కెట్లో తిరిగిరాదు. పర్లాకిమిడిలోనూ వానాకాలం చెమ్మ తక్కువేం కాదు కాబట్టి, గీతల కంటే ముందు పిన్నుల తుప్పు చూసుకోండి. మా బరంపురంలోనైతే గోపాలపురం సముద్రపు గాలికి కొత్త పిన్ను కూడా ఎర్రబడుతుంది. ఆ తుప్పు మరక పేజీల్లోకి పాకితే దానికీ గ్రేడు తగ్గుతుంది.

కత్తిరించిన కాపీ విషయం తేలాలంటే నాకు రెండు సంగతులు కావాలి. స్కేలు పెట్టి ఆ ముక్క ఎంత పొడవు, ఎంత వెడల్పు పోయిందో కొలవండి. తర్వాత పేజీ తిప్పి, ఆ ఖాళీకి వెనకవైపు ఏముండేదో చూడండి. ప్రకటన అయితే ఒక లెక్క, కథలో బొమ్మో మాటల బుడగో పోయుంటే ఇంకో లెక్క. రెండువైపులా ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.