18వ శతాబ్దపు యూరప్ సైన్యాల్లో డ్రమ్మర్ల కోటు రంగు ఎందుకు వేరు?

గుంపులో ఆఫీసర్ కంటికి డ్రమ్మర్ వెంటనే కనబడాలని, పైగా రాజుగారి కొలువు దర్జానో కల్నల్ దర్జానో అతని ఒంటిమీద తెలియాలని వేరే రంగు వేసేవారు. తుపాకుల మోతలో నోటిమాట వినబడదు కదా, అందుకే ముందుకు నడవాలన్నా వెనక్కి తగ్గాలన్నా డ్రమ్ము దెబ్బే ఆజ్ఞ.

బ్రిటన్‌లో అయితే రంగులు తిరగేసేవారు. 19వ పదాతి రెజిమెంట్‌లో సిపాయిది ఎర్ర కోటు, ఆకుపచ్చ చేతిమడతలు. డ్రమ్మర్‌ది ఆకుపచ్చ కోటు, ఎర్ర మడతలు, కుట్ల వెంబడి లేసు. అప్పటికే ఉన్న ఈ వాడుకను 1751 ఉత్తర్వు నియమం చేసింది. రాయల్ రెజిమెంట్ల డ్రమ్మర్లకు మాత్రం ఎర్ర కోటే, నీలం మడతలతో.

ఇదంతా కవాతు షోకని, డ్రమ్మర్లంటే చిన్నపిల్లలేనని చాలామంది అనుకుంటారు. నిజానికి వాళ్లలో ఎదిగిన మగవాళ్లే ఎక్కువ, తప్పు చేసిన సిపాయికి కొరడా దెబ్బలు కొట్టే పని కూడా వాళ్లదే.