సిస్‌ప్లాటిన్‌తో పాటు మెగ్నీషియం ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తున్నారు. ప్రతిసారీ సెలైన్‌లో మెగ్నీషియం కలుపుతున్నారు. అది క్యాన్సర్‌ను తగ్గిస్తుందని బంధువులలో ఒకరు, కణితికి అదే బలమని మరొకరు అంటున్నారు. విడిగా మాత్రలు కూడా వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: సెలైన్‌లో మెగ్నీషియం కలుపుతున్నది క్యాన్సర్‌ను తగ్గించడానికి కాదమ్మా, మీ నాన్నగారి కిడ్నీలను కాపాడడానికి. కిడ్నీల వడపోతలో బయటికి వచ్చిన మెగ్నీషియాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని నాళికలను సిస్‌ప్లాటిన్ దెబ్బతీస్తుంది. దాంతో అది మూత్రంలో పోతూనే ఉంటుంది. కొందరిలో చికిత్స ముగిసిన తర్వాత కూడా నెలల తరబడి పోతుంది. ఇలా మెగ్నీషియం తగ్గిన శరీరంలో కిడ్నీలకు సిస్‌ప్లాటిన్ చేసే హాని మరింత పెరుగుతుంది. సెటుక్సిమాబ్ అనే మరో క్యాన్సర్ మందు వాడేవారిలోనూ ఈ లోటు తరచుగా కనిపిస్తుంది.

పిక్కలు పట్టేయడం, వేళ్లు తిమ్మిరెక్కడం, చేతులు వణకడం, గుండె దడ మెగ్నీషియం లోటు లక్షణాలు. పొటాషియం ఎంత ఎక్కించినా రక్తంలో పెరగడం లేదంటే, ముందు మెగ్నీషియం చూడాలి. శరీరంలోని మొత్తం మెగ్నీషియంలో ఒక శాతం కన్నా తక్కువే రక్తంలో ఉంటుంది కాబట్టి, రిపోర్టు నార్మల్‌గా వచ్చినా ఈ లక్షణాలను తేలిగ్గా తీసుకోకూడదు. వాంతులు, తిండి సరిగా తినలేకపోవడం, ఎసిడిటీకి పాంటోప్రజోల్ వంటి మాత్రలను ఎక్కువ కాలం వాడడం ఈ లోటును పెంచుతాయి.

ఇక మీ బంధువుల మాటలు. కణంలో శక్తి తయారీకీ, డీఎన్ఏ మరమ్మతుకూ మెగ్నీషియం కావాలి. క్యాన్సర్ కణానికీ కావాలి. అయితే కణితిని మాడ్చాలని దాన్ని తగ్గిస్తే ముందుగా దెబ్బతినేది గుండె, నరాలు. ఆహారంలో మెగ్నీషియం ఎక్కువగా తీసుకునే మహిళలలో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు తక్కువగా ఉన్నాయని 2005లో స్వీడన్ పరిశీలన చెప్పిన మాట నిజమే. కానీ అటువంటి ఆహారంలో పీచు కూడా ఎక్కువ, పైగా అది ఉన్న క్యాన్సర్‌ను నయం చేయడం గురించిన పరిశీలన కాదు. క్యాన్సర్ కణాలపై దాడి చేసే టీ కణాలు (రోగనిరోధక కణాలు) సమర్థంగా పనిచేయడానికి మెగ్నీషియం అవసరమని 2022లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ శాస్త్రవేత్తలు చూపారు. అక్కడ ఎలుకల కణితిలోకి నేరుగా మెగ్నీషియం పంపారు, మాత్రలు మింగించలేదు. ఆక్సాలిప్లాటిన్ అనే మరో కీమో మందు వల్ల నరాలు దెబ్బతినకుండా కాల్షియం, మెగ్నీషియం ఎక్కించే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. సుమారు 350 మందిపై జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో దానివల్ల ఉపయోగం లేదని తేలింది. నమ్మదగినదిగా తోచిన ప్రతి ఆలోచననూ ఇలా పరీక్షించక తప్పదు.

కాబట్టి మాత్రలు సొంతంగా వేయకండి. వాటివల్ల విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి, సిస్‌ప్లాటిన్ వాడుతున్నవారి కిడ్నీలు ఇంకా దెబ్బతింటాయి. కిడ్నీలు అప్పటికే మందగించి ఉంటే మెగ్నీషియం పేరుకుపోయి బీపీ పడిపోవచ్చు. నోటి పుండ్లతో నమలలేరు కనుక పల్చని రాగిజావ, మెత్తగా ఉడికించిన పాలకూర పప్పు పెట్టవచ్చు. కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తంలో పెరిగి ఉంటే మాత్రం వాటి గురించీ డాక్టరును అడగండి. వచ్చే డోసుకు ముందు మెగ్నీషియం, పొటాషియం, కాల్షియం, క్రియాటినిన్ నాలుగూ కలిపి చూడమని కోరండి. ఈలోగా గుండె దడ గానీ, ఫిట్స్ గానీ వస్తే ఆ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.