ఆక్సీమీటర్ వదలడం ఎలా?

ప్రశ్న: 2021లో కరోనా వచ్చి తగ్గింది. ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టర్లు చెప్పేశారు. అయినా రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్‌ను రోజుకు పదిహేను సార్లు వేలికి పెట్టుకుంటాను. 97 ఉంటే కాసేపు నిశ్చింత, 95 అయితే గుండె దడ. జనంలోకి వెళ్లడమూ మానేశాను. ఈ భయం ఎందుకు పోవడం లేదు?

జవాబు: దాన్ని పోనివ్వనిది ఆ చూసుకోవడమే. 97 కనబడగానే ప్రాణం కుదుటపడుతుంది కదా, చూసుకోబట్టే గండం గడిచిందని మనసు లెక్క వేసుకుంటుంది. చూసుకోకపోయినా ఏమీ కాదని తెలిసే అవకాశం దానికి ఇక దొరకదు. పైగా ఆ పరికరంలో రెండంకెలు అటూ ఇటూ కావడం మామూలే. వేలు చల్లగా ఉన్నా, గోళ్లరంగు ఉన్నా, చెయ్యి కదిలినా రీడింగ్ తప్పు రావచ్చు.

అలాగని ఒక్కసారే పారేయకండి, నాలుగు రోజుల్లో కొత్తది కొంటారు. మొదటి వారం రోజుకు నాలుగు సార్లు, ముందే పెట్టుకున్న వేళల్లోనే చూడండి. దడ వచ్చినప్పుడు కాదు, గడియారం చెప్పినప్పుడు. రెండో వారం రెండు సార్లు. మూడో వారం మీటర్‌ను ఇంట్లోవాళ్ల చేతికిచ్చేయండి. మధ్యలో చూడాలనిపిస్తే భయానికి పదికి ఎన్ని మార్కులో ఒక కాగితం మీద రాసి, చేస్తున్న పని కొనసాగించండి. 20 నిమిషాలాగి మళ్లీ వేయండి. 8 వేసినచోట 5 పడటం మీ కళ్లతో మీరే చూస్తారు. ఒక్కోసారి తగ్గదు, ఫరవాలేదు, మీటర్ ముట్టుకోకుండా గడిపారు కదా.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: మీటర్ మానేసి నాడి పట్టుకుని చూస్తారు, ‘నా మొహం పాలిపోయిందా’ అని ఇంట్లోవాళ్లను అడుగుతారు, గబగబా లోతుగా ఊపిరి పీల్చి పరీక్షించుకుంటారు. ఇవన్నీ మారువేషంలో ఉన్న ఆక్సీమీటర్లే. చివరిది మరీ ప్రమాదం. అలా పీల్చితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాన్ని మళ్లీ జబ్బు అనుకుంటారు.

జనం సంగతీ ఇంతే. వెళ్లలేని చోట్లన్నీ రాసి మార్కులు వేయండి. 3 లేదా 4 పడ్డచోటుతో మొదలుపెట్టి, భయం సగానికి దిగేదాకా అక్కడే ఉండండి. పతాకస్థాయిలో ఉండగా బయటికొచ్చేస్తే, పారిపోబట్టే బతికానన్న నమ్మకం ఇంకా ముదురుతుంది. అదే చోటికి నాలుగైదు సార్లు వెళ్లాకే పై మెట్టు. రెండు నెలలు ప్రయత్నించినా కదలిక లేకపోతే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మానసిక చికిత్స) తెలిసిన సైకాలజిస్టును కలవండి. కూర్చున్నచోటే ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలం కావడం కనిపిస్తే మాత్రం ఈ పద్ధతులన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా నాన్నగారు కరోనాతో వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డారు. నర్సులు తనను కట్టేసి చంపబోయారని ఇప్పటికీ రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తారు. అదంతా భ్రమ, మర్చిపోమంటే కోపం వస్తోంది.

జవాబు: కోపం రావడం సహజం. ఐసీయూలో ఉన్నవారికి మత్తుమందుల వల్ల, జబ్బు తీవ్రత వల్ల, నిద్ర లేక డెలీరియం, అంటే లేనివి ఉన్నట్టు అనిపించే తీవ్ర గందరగోళం, రావచ్చు. ట్యూబులు లాగేయకుండా చేతులు కట్టడమూ ఉంటుంది. అంటే కట్టేసిన మాట నిజమే కావచ్చు, చంపబోయారన్నది డెలీరియం అల్లింది. వాదించకండి. డిశ్చార్జ్ కాగితాలు ముందేసుకుని ఏ తేదీన ట్యూబు వేశారు, ఎప్పుడు తీశారు, మీరు ఎప్పుడు చూసి వచ్చారు వరసగా ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆయన అడిగినప్పుడు కలిసి చదవండి, బలవంతంగా కాదు. పీడకలలు, ఆసుపత్రి పేరెత్తితే వణుకు నెల దాటినా పోకపోతే అది పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్య) కావచ్చు. సైకియాట్రిస్టుకు చూపించండి. నిద్రమాత్రలు మీరే కొనివ్వకండి, ఆ వయసులో కొన్ని మాత్రలు గందరగోళాన్ని ఇంకా పెంచుతాయి.