రాత్రి ఎదురు లైట్లు పడితే కారు అద్దం మీద చారలు: ఇలా చేసి చూడు

తమ్ముడూ, షాంపూతో కడిగి పాత బనియన్‌తో తుడిచినా రాత్రి ఎదురు బండి లైట్ పడగానే అద్దమంతా చారలేనన్నావు కదా, మన బరంపురం, గోపాల్‌పూర్ వైపు బళ్ళకి ఇది మామూలే, సముద్రగాలి ఉప్పు అద్దానికి పట్టేసుంటది, దాన్ని పొడిగుడ్డతో రుద్దితే పోదు సరికదా ఇంకా పూసుకుపోద్ది. ముందు ధారగా నీళ్ళు కొట్టి ఉప్పు, ఇసుక పోగొట్టు, లేకపోతే అద్దం గీసుకుపోద్ది. ఎండలో మాత్రం కడగొద్దు, తుడిచేలోపే ఆరిపోయి మరకలు కట్టేస్తాయి. బోరు నీళ్ళయితే ఆరాక తెల్లమచ్చలొస్తాయి, అందుకే ఆఖరికి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడు, అందులో కొంచెం వైట్ వెనిగర్ కలిపితే చాలు.

అసలు చిక్కంతా లోపలివైపే! డాష్‌బోర్డు ప్లాస్టిక్ వేడెక్కి వదిలే ఆవిరి అద్దానికి జిడ్డులా పడతాది, చాలామంది అది వదిలేసి బయటే రుద్దుతారు. మైక్రోఫైబర్ గుడ్డలు రెండు పెట్టుకో, ఒకటి తడిపి తుడవడానికి, రెండోది పొడిగా, వెంటనే ఆరబెట్టడానికి. తుడిచే క్లీనర్ అద్దం మీద కాదు, గుడ్డ మీద కొట్టు. లోపల అడ్డంగా, బయట నిలువుగా తుడువు, అప్పుడు చార మిగిలితే ఎటువైపుదో తెలిసిపోద్ది. సైడు అద్దాలు కాస్త దించి పైఅంచు కూడా తుడవాలి, అక్కడ మట్టి గట్టిగా పేరుకుంటది. ఆ గుడ్డలు ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి బట్టలు మెత్తబరిచేవి వెయ్యకు, ఆ జిడ్డే మళ్ళీ అద్దానికి అంటుకుంటది. అద్దానికి ఎండ ఆపే సన్ ఫిల్మ్ అంటించి ఉంటే అమ్మోనియా ఉన్న క్లీనర్ వద్దు, ఫిల్మ్ పాడైపోద్ది.