షీర్ ఖుర్మా ముద్దవుతోందా? సేమ్యా తగ్గించండి

మీ ప్రశ్న చదువుతుంటే షార్జాలో మా పక్క ఫ్లాట్ వంటగది గుర్తొచ్చింది. లాహోర్ నుంచి వచ్చిన మీ పక్కింటివాళ్లకి ఈద్ రోజు షీర్ ఖుర్మా, అంటే పాలు, ఖర్జూరం, సేమ్యాతో వండే పండగ తీపి, చేసి ఇద్దామనుకున్నారు. రెండుసార్లు చేసి చూస్తే రెండుసార్లూ గంట తిరక్కుండానే గరిటె నిలబడేంత గట్టిపడిందన్నారు. లీటరు పాలకి కప్పు సేమ్యా వేశానని రాశారు కదా, అది మన సేమ్యా పాయసం కొలత. తేడా అక్కడే వచ్చింది.

ఫార్సీలో షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. సేమ్యా పేరులోనే లేదు, గిన్నెలో కూడా తక్కువే ఉండాలి. ఈ సంగతి నాకు పక్క ఫ్లాట్ ఖాలా నేర్పింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, ఆవిడని అలాగే పిలిచేదాన్ని. వాళ్లది కరాచీ. దేశ విభజన తర్వాత ఆవిడ పుట్టింటి పెద్దలు హైదరాబాద్ నుంచి వెళ్లి, కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేటలో స్థిరపడ్డారు. అక్కడ ఇప్పటికీ బగారా బైంగన్, మన వైపు పచ్చళ్లు దొరుకుతాయి. ఆవిడకి తెలుగు రాదు కానీ మాటల్లో అచ్చం పాతబస్తీ దక్కనీ ఉర్దూ పలికేది. మొదటిసారి నేను రెండో గుప్పెడు సేమ్యా తీయబోతే నా మణికట్టు పట్టుకుని, "నక్కో బేటీ, బస్" అంది, అంటే వద్దమ్మా, చాలు అని. రెండు లీటర్ల పాలకి ఆ ఒక్క గుప్పెడే. తర్వాత ఇంట్లో తూచి చూసుకుంటే 60 గ్రాములు కూడా లేదు.

సేమ్యా కూడా మనం ఉప్మాకి వాడే లావు రకం కాదు, వెంట్రుకల్లా సన్నగా ఉండేది కావాలి. పాకిస్తానీ దుకాణాల్లో రంజాన్ నెలంతా దొరుకుతుంది. వేయించినదే కొన్నా మళ్లీ చెంచాడు నేతిలో, సన్నసెగ మీద, రెండు నిమిషాలు తిప్పండి. తేనె రంగు రాగానే దింపేయాలి. ఇంకాస్త ఆగితే మాడు వాసన పాలన్నిటికీ పట్టేస్తుంది.

అసలు పని ముందురోజు రాత్రే ఉంటుంది. నెలవంక కనిపించిన ఆ రాత్రిని వాళ్లు చాంద్ రాత్ అంటారు. పిల్లలు గోరింటాకు పెట్టించుకుంటుంటే ఖాలా నేల మీద పాత పేపరు పరచుకుని కూర్చునేది. పన్నెండో పదిహేనో ఎండు ఖర్జూరాలు, గుప్పెడు బాదం, గుప్పెడు పిస్తా విడివిడిగా నానబెట్టేది. బండల్లా ఉండే ఆ ఖర్జూరాలు తెల్లారేసరికి ఉబ్బి మెత్తబడతాయి. గింజ తీసి పొడవునా సన్నగా చీల్చాలి. బాదం, పిస్తా పొట్టు వలిచి అలాగే సన్నగా తరగాలి. మిక్సీలో వేయకండి, పాలు మడ్డిగా అయిపోతాయి. రెండు చెంచాల సారపప్పు మాత్రం మర్చిపోవద్దు. నా దృష్టిలో షీర్ ఖుర్మాని పాయసం నుంచి వేరు చేసేది ఆ రుచే.

పొద్దున్నే మందపాటి గిన్నెలో రెండు లీటర్ల చిక్కటి పాలు పెట్టండి. సన్నసెగ మీద ముప్పావుగంట మరిగి పావువంతు తగ్గాలి. అంచున కట్టే మీగడని గరిటెతో పాలలోకే తోసేస్తూ ఉండండి. ఈలోగా వేరే మూకుడులో మూడు చెంచాల నెయ్యి వేడిచేసి మూడు లవంగాలు వేయండి. అవి చిటపటలాడగానే ఖర్జూరం చీలికలు, తర్వాత పప్పులు, చివర్లో కిస్‌మిస్ వేయించి నేతితో సహా పాలలో పోసేయండి. ఎండు ఖర్జూరం లేదని ఒకసారి మెత్తని ఖర్జూరం పచ్చిగానే మరిగే పాలలో వేశాను, పాలు విరిగిపోయాయి. పండగ పూట ఆ బాధ మీకొద్దు.

ఖర్జూరం పాలలో పది నిమిషాలు ఉడికాక సేమ్యా వేయండి. ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాతే చక్కెర. ఖర్జూరం తీపి పాలలోకి దిగి ఉంటుంది కాబట్టి ముందు 100 గ్రాములు వేసి, రుచి చూసి పెంచుకోండి. ఏలకుల పొడి, ఇష్టమైతే రెండు చుక్కల మొగలి నీళ్లు చల్లి దింపేయండి. కండెన్స్‌డ్ మిల్క్, కస్టర్డ్ పొడి వద్దు. పాలు మరిగితే వచ్చే రుచి వాటితో రాదు.

దింపేటప్పుడు "ఇదేంటి, ఇంత పలుచగా ఉంది" అని మీకు తప్పకుండా అనిపిస్తుంది. అలాగే ఉండాలి. చల్లారేకొద్దీ సేమ్యా పాలు పీల్చుకుంటూనే ఉంటుంది. ఖాలా పొయ్యి పక్కన అర లీటరు కాచిన పాలు విడిగా ఉంచుకునేది. మగవాళ్లు ఈద్ నమాజుకి వెళ్లేముందు కాస్త తీపి తిని వెళతారు కాబట్టి మొదటి గిన్నెలు తెల్లవారుజామునే వెళ్లిపోయేవి. ఆ తర్వాత రాత్రి దాకా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వచ్చినప్పుడల్లా ఒక గరిటె వేడిపాలు పోసి కలిపి ఇచ్చేది. మీరు కూడా గిన్నెతో పాటు చిన్న సీసాలో కాచిన పాలు ఇవ్వండి. పాకిస్తాన్‌లో చాలాసార్లు ఈద్ గల్ఫ్ కంటే ఒకరోజు వెనక వస్తుంది. ఖాలా మర్నాడు పొద్దున కరాచీలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, ఆమె గిన్నె పొయ్యి మీద ఉండగా, మిగిలిన షీర్ ఖుర్మాని అలాగే పాలు పోసి వెచ్చబెట్టుకుని తినేది.