యుద్ధానికి రమ్మని పిలుపు వస్తే దేశం దాటి వచ్చినవాళ్లకు ఆశ్రయం ఇవ్వాలా?

ఇవ్వాలనే నా జవాబు. కానీ ఇదే ప్రశ్న 2022 అక్టోబరులో అడిగి ఉంటే అస్సలొద్దు అనేవాణ్ణి. అప్పుడు వాళ్ల వల్ల నా గది పోయింది మరి.

నేనప్పుడు జార్జియా రాజధాని టిబిలిసీలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నా. డెలిసీ మెట్రో పక్కన ముగ్గురు తెలుగువాళ్లం కలిసి ఉండేవాళ్లం, అద్దె 350 డాలర్లు. సెప్టెంబరు 21న పుతిన్ ఉక్రెయిన్ యుద్ధం కోసం పాక్షిక సైనిక సమీకరణ ప్రకటించాడు. ఇదివరకు సైన్యంలో చేసి రిజర్వులో ఉన్న 3 లక్షల మందిని పిలుస్తామన్నారు. అంతే, రష్యా-జార్జియా మధ్య ఉన్న లార్స్ సరిహద్దు దగ్గర కిలోమీటర్ల పొడవున కార్లు నిలిచిపోయాయి. పది రోజులు తిరక్కుండానే ఓనర్ ఆంటీ వచ్చి, వచ్చే నెల నుంచి 700 అంది. ఇవ్వలేకపోతే ఖాళీ చేయమంది, వచ్చిన రష్యన్లలో ఇచ్చేవాళ్లు ఉన్నారట. ఆవిడ కూడా 1993లో జార్జియాలోని అబ్ఖాజియా ప్రాంతంలో యుద్ధమప్పుడు అక్కడి సుఖుమి నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనిషే.

ఊరి చివర గ్ల్దానీకి మారాం. కాలేజీకి వెళ్లాలంటే మెట్రో మారాలి. చలికాలం, పొద్దున్నే క్లాసు. రష్యన్లను తిట్టుకోని రోజు లేదు.

ఆ కొత్త బిల్డింగ్‌లో మెట్ల కింద గులాబీ రంగు చిన్నపిల్లల సైకిల్ ఒకటి ఉండేది. పై అంతస్తులో ఎవరి పాపదో అనుకున్నాం. తీరా చూస్తే అది ఆరడుగుల రష్యన్ కుర్రాడిది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లార్స్ దగ్గర నడిచి దాటనివ్వరు, ఏదో ఒక బండి మీద ఉండాలి. టాక్సీవాడు మధ్యలో దింపేసి పోయాడట. అక్కడ సైకిళ్లమ్మేవాళ్లు తయారయ్యారు. పెద్దవన్నీ అయిపోయి ఇదొక్కటే మిగిలితే, కొత్తదాని ధరకు నాలుగు రెట్లిచ్చి కొన్నాడు. మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకుంటూ పాస్‌పోర్ట్ కౌంటర్ దాకా అలాగే వచ్చాడట. చెప్తూ తనే నవ్వేవాడు. చదువయ్యాక ఏడాది తప్పనిసరి సైనిక సేవ చేసి ఉన్నాడు కాబట్టి తన పేరు లిస్టులో ఉంటుందని భయం. వాళ్ల అమ్మమ్మది ఉక్రెయిన్‌లోని ఖార్కివ్.

ఇక చట్టం సంగతి. సైన్యంలోకి వెళ్లాలంటే భయం అన్నంత మాత్రాన ఎవరూ శరణార్థి అయిపోరు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ మార్గదర్శకాల్లోనే ఆ మాట ఉంది. అయితే ఆ యుద్ధాన్ని అంతర్జాతీయ సమాజం ఖండించి, పాల్గొననన్నందుకు శిక్ష పడేట్టుంటే లెక్క మారుతుంది. 2020 నవంబరులో ఒక సిరియా యువకుడి కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. సైన్యం పదే పదే యుద్ధ నేరాలు చేస్తున్న దేశంలో, రానని చెప్పే దారే లేనప్పుడు, పారిపోయినవాడు ఆశ్రయానికి అర్హుడయ్యే అవకాశం చాలా బలంగా ఉందని చెప్పింది.

కానీ మా పైనున్న కుర్రాడు ఆశ్రయం కోసం ఒక్క దరఖాస్తూ పెట్టలేదు. జార్జియాలో రష్యన్లు వీసా లేకుండా ఏడాది ఉండొచ్చు. గడువు దగ్గరపడితే ఆర్మేనియా వెళ్లి తిరిగొచ్చి కొత్త స్టాంపు వేయించుకునేవాడు. అతన్ని కాపాడింది ఆ స్టాంపు. కజకిస్తాన్‌లోకైతే రెండు వారాల్లోనే 2 లక్షల మందికి పైగా వెళ్లారు. వియత్నాం యుద్ధమప్పుడు కెనడా చేసిందీ దాదాపు ఇదే. వచ్చిన అమెరికన్ కుర్రాళ్లను శరణార్థులనలేదు. సరిహద్దులో సైన్యం సంగతి అడగొద్దని 1969లో అధికారులకు చెప్పింది. 1977లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ వాళ్లకు క్షమాభిక్ష పెట్టాక చాలామంది వెనక్కి వెళ్లగలిగారు, చాలామంది అక్కడే ఉండిపోయారు. అందుకే ఆశ్రయం కాగితం ఇవ్వాలా అన్నది నాకు రెండో ప్రశ్న. ముందు తలుపు మూయకుండా ఉంటే చాలు.

ఫిన్లాండ్ ఆ సెప్టెంబరు 30న రష్యన్ పర్యాటకులకు సరిహద్దు మూసేసింది. బాల్టిక్ దేశాలైతే అంతకు ముందే మూశాయి. అక్కడే ఉండి మీ ప్రభుత్వంతో పోరాడండి అన్న వాదన అప్పుడు బాగా వినిపించింది. జైలుకెళ్లేది మనం కానప్పుడు ఎన్నైనా చెప్తాం. టిబిలిసీ గోడల మీద 'రష్యన్లూ, వెళ్లిపోండి' అన్న రాతలను మాత్రం నేను తప్పుపట్టలేను. 2008లో రష్యాతో జరిగిన యుద్ధం తర్వాత ఐదో వంతు భూమి రష్యా గుప్పిట్లో ఉన్న దేశం అది.

నాకు నిజంగా చిక్కుగా అనిపించేది ఉక్రెయిన్ సంగతి. అక్కడ యుద్ధం మొదలవగానే 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటకూడదన్నారు. రుమేనియాలోకి వెళ్లాలని తీసా నది ఈదుతూ మునిగిపోయినవాళ్లున్నారు. వాళ్ల సైన్యం సొంత ఇంటిని కాపాడుకుంటోంది కాబట్టి పైన చెప్పిన మినహాయింపు వాళ్లకు వర్తించదు. వీళ్లకు శరణార్థి హోదా ఇవ్వాలని నేనూ అనను. అలాగని ఆ నది ఈదొచ్చినవాణ్ణి పట్టి వెనక్కి పంపమని కూడా అనలేను. మా ఫ్రెండ్ ఒకడు ఇది గోడ మీద పిల్లివాటం అంటాడు. అననీ.

2024 మార్చిలో, రష్యాలో ఉద్యోగమని నమ్మి వెళ్లిన హైదరాబాద్ కుర్రాడు యుద్ధంలో చనిపోయాడని వార్తొచ్చింది. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి, "అక్కడా పట్టుకుపోతార్రా?" అని ఏడ్చింది. జార్జియా వేరే దేశమని ఎంత చెప్పినా టెన్షన్ తగ్గలేదు. ఆ టెన్షనే పైన కుర్రాడి వాళ్లమ్మకు ఏడాదిన్నరగా ఉందని నాకు అప్పుడు తట్టింది.

అతను తర్వాత సెర్బియా వెళ్లిపోయాడు. సైకిల్ మాకిచ్చాడు. ఇండియన్ స్టోర్ నుంచి పది కిలోల బియ్యం బస్తా దాని మీదే తోసుకుంటూ తెచ్చుకునేవాళ్లం.